‘ఒక సైటేషన్ పట్టుకురామ్మా’ అనే తెలుగు సీనియర్లకు ఒక జూనియర్ బహిరంగ లేఖ

మద్రాస్ హైకోర్టులో ప్రాక్టీస్ చేస్తున్న తెలుగు సీనియర్ లాయర్లందరికీ నమస్కారం.

నేను సూళ్ళూరుపేటలో పొద్దున్నే లోకల్ ఎక్కి చెన్నై సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్‌లో దిగి కోర్టుకొచ్చే జూనియర్ని. మీలో చాలామంది నన్ను చూసే ఉంటారు, చేతిలో మూడు బండిల్స్, భుజాన గౌను, కోర్టు హాలు బయట పాస్ ఓవర్, అంటే మా కేసు కాసేపాగి పిలవమని, అడగడానికి నిలబడే పిల్ల, అది నేనే, నాలాంటివాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి నేను కాకపోయినా ఫర్వాలేదు. పేరు రాయట్లేదు, రాస్తే మా సార్ ఎవరో తెలిసిపోతుంది, ఆయన మంచి మనిషి, ఆయన మీద కంప్లయింట్ కాదు ఇది. స్టైపెండ్ గురించి కూడా కాదు. చెన్నైలో జూనియర్లకి నెలకి కనీసం 20,000 ఇవ్వాలని 2024లో మన హైకోర్టే చెప్పింది, అది ఎవరికి వస్తోంది ఎవరికి రావట్లేదు అనేది వేరే లేఖ, ఎప్పుడో ధైర్యం వచ్చినప్పుడు రాస్తా.

ఇది ఒక్క మాట గురించి. సాయంత్రం ఏడింటికి తంబు చెట్టి వీధిలో ఛాంబర్ సర్దేసే టైముకి మీరందరూ అనే మాట. "రేపు ఐటమ్ 23 మనది, మనకి ఫేవర్‌గా ఒక సైటేషన్ పట్టుకురామ్మా." సైటేషన్ అంటే మన వాదనకి ఆసరాగా కోర్టుకి చూపించే పాత తీర్పు. ఏ పాయింట్ మీద సార్ అంటే ఫైల్లో ఉంది చూసుకో అంటారు, ఫైలేమో గుమాస్తా జెరాక్స్‌కి తీసుకెళ్ళి ఉంటాడు, నాకేమో ఎనిమిదింటి లోకల్. ఇంక నేను చేసేది ఏంటంటే రైల్లో ఫోన్ తీసి, మనకి కావాల్సిన జవాబునే ప్రశ్నగా టైప్ చేసి వెతకడం. కావాల్సింది దొరుకుతుంది సార్. ఎప్పుడూ దొరుకుతుంది, ఈ దేశంలో ఇన్ని కోర్టులు ఇన్నేళ్ళుగా రాసినదాంట్లో ఏ మాటకైనా ఎక్కడో ఒక పేరా ఉంటుంది. దాన్నే పొద్దున కోర్టుకిచ్చే కాయితాల కట్టలో, టైప్డ్ సెట్‌లో పెట్టేస్తాం. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు.

ఇలా కట్టేసిన దూడ ఒకటి నా మెడకే చుట్టుకుంది, అది చెప్తా.

2022లో ఒక సీఎంఏ, అంటే ప్రమాద పరిహారం ట్రిబ్యునల్ ఇచ్చినదాని మీద హైకోర్టులో అప్పీలు. మా నెల్లూరు వైపు నుంచి వచ్చి మాధవరంలో అపార్ట్‌మెంట్ల పని చేసే బేల్దారి మేస్త్రీ, 34 ఏళ్ళు, రెడ్‌హిల్స్ దగ్గర బండి మీద వెళ్తుంటే లారీ గుద్ది చనిపోయాడు. భార్య, ఇద్దరు పిల్లలు, అమ్మ. ఆదాయానికి రుజువు లేదని ట్రిబ్యునల్ నెలకి 15,000 అని అంచనా వేసి, దాని మీద ఫ్యూచర్ ప్రాస్పెక్ట్స్ కింద, అంటే బతికుంటే ముందు ముందు పెరిగే ఆదాయానికి, 40 శాతం కలిపి అవార్డు ఇచ్చింది. పెంచమని మనం హైకోర్టుకి వచ్చాం. మా సార్ ఆ మాటే అన్నారు, పట్టుకురామ్మా అని. నేను రైల్లో "సొంత పని, 40 ఏళ్ళ లోపు, 50 శాతం" అని కొట్టా. సుప్రీంకోర్టు తీర్పే దొరికింది, రాజేష్ వర్సెస్ రాజ్‌బీర్ సింగ్, 2013, ముగ్గురు జడ్జిలు. సొంతంగా సంపాదించుకునేవాళ్ళకి కూడా 40 లోపైతే 50 శాతం కలపాలి, భార్యకి కన్సార్షియం కింద, అంటే తోడు పోయినందుకు, లక్ష, దహన ఖర్చులకి 25,000. గూడూరు దాకా రైలుంటే ఇంకో నాలుగు కేసులు వెతికేదాన్నేమో, నా స్టేషన్ వచ్చేసింది, దిగిపోయా.

మర్నాడు సార్ 50 శాతం అని మొదలుపెట్టగానే ఇన్సూరెన్స్ తరఫు లాయర్ లేచి ఒకే ఒక్క పేరు చెప్పి కూర్చున్నాడు. ప్రణయ్ సేథీ. 2017 అక్టోబర్ 31, ఐదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం. సొంత పని వాళ్ళకి 40 లోపు 40 శాతం, 40 నుంచి 50 దాకా 25, 50 నుంచి 60 దాకా 10, అంతే. మా సార్ వెనక్కి తిరిగి నా వైపు చూశారు. తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది.

ఆ రోజు రాత్రి కూర్చుని అసలు కథ చదివా, అది చాలా ఇంట్రెస్టింగ్‌గా ఉంది, మీకు తెలిసిందే అయినా చెప్తా ఎందుకంటే మాకు ఎవరూ చెప్పలేదు. రాజేష్ తీర్పు 2013 ఏప్రిల్ 12న వచ్చింది. దానికి పది రోజుల ముందు, ఏప్రిల్ 2న, అదే సుప్రీంకోర్టులో ఇంకో ముగ్గురు జడ్జిలు రేష్మా కుమారి కేసులో అంతకుముందు 2009లో సరళా వర్మ కేసు పెట్టిన పరిహారం లెక్కకి సరే అని తీర్పు ఇచ్చేశారు. రాజేష్ రాసినప్పుడు దాన్ని గమనించలేదు. సమాన సంఖ్య ఉన్న బెంచ్ ముందే ఒకటి చెప్పాక దాన్ని చూడకుండా ఇచ్చిన తీర్పు కట్టుబడదు అని ప్రణయ్ సేథీలో తేల్చారు. ఇంకో తమాషా ఏంటంటే ఈ రెండూ సుప్రీంకోర్టు తీర్పులు అచ్చేసే ఎస్‌సీసీలో 2013 తొమ్మిదో వాల్యూమ్‌లోనే ఉన్నాయి, రాజేష్ 54వ పేజీలో, రేష్మా కుమారి 65వ పేజీలో. అంటే తర్వాత వచ్చిన తీర్పు పుస్తకంలో ముందు ఉంది! పేజీ నంబర్ చూసి ఏది ముందో ఏది వెనకో అనుకునేవాడు అక్కడే బోల్తా. తేదీ చూడాలి, బెంచ్‌లో ఎంతమందో చూడాలి, తర్వాత దాన్ని ఎవరు ఏమన్నారో చూడాలి, ఈ మూడు చూడ్డానికి పావుగంట చాలు, ఆ పావుగంట నాకు ఎవరూ నేర్పలేదు, నేనూ తీసుకోలేదు.

కాలేజీలో నేర్పలేదా అంటారు. మా కాలేజీ పేరు వద్దులెండి. బార్ కౌన్సిల్ సిలబస్‌లో డ్రాఫ్టింగ్ పేపర్ ఉంది, 15 ప్లీడింగ్‌లకి (కోర్టులో వేసే కాయితాలు) 45 మార్కులు, 15 కన్వేయన్సింగ్‌కి (ఆస్తి దస్తావేజుల్లాంటివి) 45, వైవాకి 10. అంటే ప్లెయింట్ ఒకటి మూడు మార్కులు. సీనియర్ బ్యాచ్ రికార్డు తెచ్చుకుని పేర్లు మార్చి దించేశాం, మా తర్వాతి బ్యాచ్ మాది దించుకుంది. ఒక తీర్పు మొత్తం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా క్లాసులో కూర్చుని చదివింది ఐదేళ్ళలో ఒక్కసారి కూడా లేదు. హెడ్‌నోట్, అంటే తీర్పు పైన ఉండే సారాంశం, జడ్జి రాసింది కాదు, ఎడిటర్ రాసింది, అది తీర్పులో భాగం కాదు అని నాకు తెలిసింది ఎన్‌రోల్ అయ్యాక. సిగ్గుగానే ఉంది చెప్పుకోడానికి.

అయినా అసలు దెబ్బ ఇది కాదు సార్. 50కి 40కి తేడా ఎంతో లెక్కేశా. నెలకి 15,000, ముప్పై నాలుగేళ్ళ వయసుకి మల్టిప్లయర్ (ఏడాది ఆదాయాన్ని ఎన్ని రెట్లు చేయాలో ఆ అంకె) 16, నలుగురు ఆధారపడ్డారు కాబట్టి సొంత ఖర్చుకి నాలుగో వంతు తీసేస్తారు. 50 శాతంతో 32,40,000. 40 శాతంతో 30,24,000. తేడా 2,16,000. దానికోసం కొట్టుకుంటూ, 2018లో మాగ్మా ఇన్సూరెన్స్ కేసులో పిల్లలకీ తల్లికీ కూడా విడివిడిగా కన్సార్షియం 40,000 చొప్పున వస్తుందని చెప్పిన సంగతి మేం అడగనే లేదు. అది మనకి ఫేవర్‌గా ఉన్నదే! నాకు కావాల్సిన నంబర్ కోసం వెతికా కాబట్టి నాకు తెలియనిది నాకు కనపడలేదు.

ఇంకా ఉంది. వాయిదా పడ్డాక ఆ మేస్త్రీ భార్య ఎస్‌ప్లనేడ్ గేటు దగ్గర నిలబడి ఉంది. కోర్టులో ఏం జరిగిందో ఆమెకి అర్థం కాలేదు, ఇంగ్లీషు. నేను తెలుగులో చెప్పా, మీ ఆయన సంపాదనకి కాయితం లేదని ఇబ్బందిగా ఉందమ్మా అని. ఆమె చేసంచిలోంచి ప్లాస్టిక్ కవర్ తీసింది, అందులో జేబు డైరీ. "ఈ కూలీ పుస్తకం పనికొస్తాదామ్మా" అంది. అందులో తేదీలు వేసి ఉన్నాయి, ఏ సైట్, ఎవరెవరు పనికొచ్చారు, ఎవరికెంత ఇచ్చాడు, తనకి ఎంత మిగిలింది. తెలుగులో, పెన్సిల్‌తో. రోజుకి 900 అటూ ఇటూ, నెలకి పాతిక రోజులు. మూడేళ్ళ లెక్క.

మూడేళ్ళు ఆ డైరీ ఆమె సంచిలోనే ఉంది సార్. ట్రిబ్యునల్‌లో ఆమే పీడబ్ల్యూ 1, మన వైపు మొదటి సాక్షి. ఆమె సాక్ష్యంగా ఇచ్చే ప్రూఫ్ అఫిడవిట్ రెడీమేడ్ ఫార్మాట్‌లో ఖాళీలు నింపి తమిళంలో టైప్ కొట్టించి వేలిముద్ర వేయించారు. నీ దగ్గర ఏమున్నాయి అని ఆమె భాషలో ఒక్కరూ అడగలేదు, తర్వాత అప్పీల్ రాసినప్పుడు నేనూ అడగలేదు, నేను తెలుగుదాన్నే కదా మరి. 900 లెక్కన నెలకి 22,500 వేసుకుంటే 45,36,000 అవుతుంది. అంటే 15 లక్షల 12 వేలు ఆమె సంచిలో ఉంటే నేను ఫోన్‌లో 2 లక్షల 16 వేల కోసం తప్పుడు తీర్పు వెతికా. లీగల్ రీసెర్చ్ అంటే సెర్చ్ బాక్స్‌లో మొదలవుతుందనుకున్నా.

తర్వాత సీపీసీ (సివిల్ కేసులు నడిపే పద్ధతి చట్టం) ఆర్డర్ 41 రూల్ 27 కింద అదనపు సాక్ష్యం పిటిషన్ వేద్దామన్నారు మా సార్, నన్నే రాయమన్నారు. నేను నా పాపం కడుక్కోడానికి పదకొండు సైటేషన్లు పెట్టి పద్నాలుగు పేజీలు రాశా. పక్క ఛాంబర్‌లో ఒక పెద్దాయన ఉన్నారు, మీలో ఒకరే, మన తెలుగాయనే. కాఫీకి వచ్చి ఊరికే ఆ కాయితాలు తిరగేశారు. తిరగేసి, "డైరీ ఎక్కడుందమ్మా" అన్నారు. అనెక్చర్‌లో ఉంది సార్ అన్నా. "అది కాదు, నువ్వు రాసినదాంట్లో ఎక్కడుంది" అన్నారు. తొమ్మిదో పేజీలో ఒక లైను. సదరు డాక్యుమెంట్ అని.

ఆయన ఆ సాయంత్రం నలభై నిమిషాలు కూర్చున్నారు. నా ఐదేళ్ళ ప్రాక్టీసులో నేర్చుకున్నదాంట్లో సగం ఆ నలభై నిమిషాలదే. ముందు ఏం చేయించారంటే, నీకు వ్యతిరేకంగా ఉన్న అన్నిటికంటే గట్టి తీర్పు ఏది అని అడిగారు. ఫేవర్‌గా ఉన్నది కాదు! నేను తెల్లమొహం వేశా. యూనియన్ ఆఫ్ ఇండియా వర్సెస్ ఇబ్రహీం ఉద్దీన్, 2012, చదువు అన్నారు. చదివా. చదువుతుంటే చెమటలు పట్టాయి, అప్పీల్లో అదనపు సాక్ష్యం మామూలుగా ఒప్పుకోకూడదు, పార్టీకి తెలియకపోవడం, ప్లీడర్ తప్పుడు సలహా, ప్లీడర్ నిర్లక్ష్యం, ఇవేవీ కారణాలు కావు అని రాసుంది. మా కేసు మొత్తం అదే కదా, ప్లీడర్ నిర్లక్ష్యం! ఇది పెడితే మన కొంప మునుగుతుంది సార్ అన్నా. "నువ్వు పెట్టకపోతే అవతలివాడు పెడతాడు, అప్పుడు మునుగుతుంది. నువ్వే పెట్టి, దాని పక్కనుంచి దారి ఎక్కడుందో నువ్వే చూపించు" అన్నారు.

దారి అదే తీర్పులో ఉంది. తీర్పు చెప్పడానికి అప్పీలు కోర్టుకే ఆ డాక్యుమెంట్ అవసరమైతే తీసుకోవచ్చు, అది పార్టీకి చేసే ఫేవర్ కాదు. ఇక్కడ ట్రిబ్యునల్ ఆదాయం తేల్చలేదు, ఊహించింది. మోటార్ వెహికిల్స్ యాక్ట్ సెక్షన్ 168 ఇవ్వమన్నది న్యాయమైన పరిహారం, ఊహ కాదు. కావాలంటే రూల్ 28 కింద కింది కోర్టుకి ఆ ఒక్క విషయం మీద సాక్ష్యం తీసుకోమని పంపొచ్చు, ఇన్సూరెన్స్ వాళ్ళు తృప్తిగా క్రాస్ ఎగ్జామిన్ చేసుకోవచ్చు. ఇంతే పాయింట్. పదకొండు సైటేషన్లు రెండయ్యాయి, పద్నాలుగు పేజీలు ఐదయ్యాయి. మొదటి పేరా డైరీలో ఒక పేజీతో మొదలుపెట్టించారు, ఫలానా తేదీ, మాధవరం సైట్, నలుగురు కూలీలు, ఎవరికెంత, తనకి 900. ఆ పేజీ తెలుగుకి కింద ఇంగ్లీషు నేనే చేశా. మా తప్పు మేమే మూడో పేరాలో ఒప్పుకున్నాం, ట్రయల్‌లో అడగాల్సింది, అడగలేదు అని, సాకులు లేకుండా. జడ్జిగారు మొదటి పేజీ చదివి ఆగి "ఇది అతని చేతిరాతేనా" అని అడిగారు. ఒక పిటిషన్ చదివి జడ్జి కేసు గురించి ప్రశ్న అడగడం నేను రాసినవాటిలో అదే మొదలు, అంతకుముందు అన్నిటికీ "ఎంత టైమ్ కావాలి" అనే అడిగేవారు.

అందుకే ఈ లేఖ. ఆ పెద్దాయన చేసిన పని మీరందరూ చేయగలరు, మీకు తెలుసు, మీ తరంలో పుస్తకాలు తిరగేసి ఏఐఆర్ డైజెస్ట్‌లో వేలు పెట్టి వెతికారు, వెతికేటప్పుడు పక్క పేజీ కూడా కంట్లో పడేది, మాకు ఆ పక్క పేజీ లేదు. మాకు టూల్స్ లేక కాదు. ఇండియన్ కానూన్ 2008 నుంచి ఫ్రీగా ఉంది, సుప్రీంకోర్టు సొంత రిపోర్టులు ఈ-ఎస్‌సీఆర్‌లో 2023 నుంచి ఫ్రీ, ఈ-కోర్ట్స్ జడ్జిమెంట్ పోర్టల్‌లో హైకోర్టులవి ఉన్నాయి, తెలుగులోకి అనువాదం చేసినవి కూడా కొన్ని ఉన్నాయి, అవి అర్థం చేసుకోడానికి మాత్రమే, కోర్టులో పనికిరావు, అయినా మా అమ్మకి నా పనేంటో చెప్పడానికి బాగా పనికొచ్చాయి. ఆఫీసులో పెయిడ్ డేటాబేస్ లాగిన్ ఒక్కటే ఉంటుంది, పాస్‌వర్డ్ గుమాస్తాకి తెలుసు, నాకు తెలీదు, సరే అది చిన్న విషయం.

ఇప్పుడు ఏఐ వచ్చింది, దాంతో ఈ రోగం ముదురుతుంది. మనకి ఫేవర్‌గా ఒక సైటేషన్ ఇవ్వు అని దాన్ని అడిగితే లేకపోయినా తయారుచేసి ఇస్తుంది, పేరు, సంవత్సరం, పేజీ నంబర్‌తో సహా. అచ్చం నాలాంటి భయపడే జూనియర్ అది, లేదు సార్ అనలేదు. న్యూయార్క్‌లో 2023లో ఇలా లేని కేసులు పెట్టినందుకు లాయర్లకి 5,000 డాలర్లు ఫైన్ పడింది. అంత దూరం ఎందుకు, 2024 డిసెంబర్‌లో బెంగళూరు ఇన్‌కమ్ ట్యాక్స్ ట్రిబ్యునల్ ఇచ్చిన ఒక ఆర్డర్‌లోనే లేని తీర్పులు దొర్లితే ఆ ఆర్డర్‌ని వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. ఇంకోవైపు 2024 జూలై 1 నుంచి క్రిమినల్ చట్టాల్లో సెక్షన్ నంబర్లన్నీ మారాయి. పాత సీఆర్‌పీసీలో 482 అంటే ఎఫ్‌ఐఆర్ క్వాష్ (కొట్టేయడం), దాని బదులు వచ్చిన కొత్త బీఎన్‌ఎస్‌ఎస్‌లో 482 అంటే యాంటిసిపేటరీ బెయిల్ (ముందస్తు బెయిల్), క్వాష్ ఏమో 528కి వెళ్ళింది. పాత తీర్పుల్లో 144 అంటే కర్ఫ్యూ లాంటి ఆర్డర్లు, కొత్తదాంట్లో 144 అంటే భార్యాపిల్లల మనోవర్తి! నంబర్ కొట్టి వెతికే జూనియర్‌కి ఏం దొరుకుతుందో ఆలోచించండి.

మీరు మాకు చెప్పే ఒక విషయం నాకు చాలా ఇష్టం. 1954 జూలై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలయ్యేదాకా మనవాళ్ళ కేసులన్నీ ఈ ఎర్ర బిల్డింగ్‌లోనే నడిచాయి, అందుకే ఆ తేదీకి ముందు మద్రాస్ ఇచ్చిన తీర్పులు ఈ రోజుకీ ఆంధ్రలో కట్టుబడతాయి అని. ఇది మొదటిసారి విన్నప్పుడు ఒళ్ళు పులకరించింది. మా ఊరి కాలువ తగాదాకి పనికొచ్చే తీర్పు నేను రోజూ దాటే మెట్ల మీదుగా వచ్చిందేమో అని. ఇలాంటివి మీకు వందలు తెలుసు. కాఫీ దగ్గర కథల్లా చెప్తారు, ఛాంబర్‌లోకి రాగానే పట్టుకురామ్మా అంటారు.

అడిగేది ఎక్కువేం కాదు. సైటేషన్ అడిగే ముందు ప్రశ్న ఏంటో ఒక వాక్యంలో చెప్పండి, చెప్పలేకపోతే మనిద్దరం కలిసి ఫైల్ చూద్దాం. క్లయింట్ వచ్చినప్పుడు మమ్మల్ని కాఫీ చెప్పిరమ్మని పంపకుండా పక్కన కూర్చోనివ్వండి, ముఖ్యంగా తెలుగు క్లయింట్ అయితే, వాళ్ళు మీ ముందు అన్నీ చెప్పరు, మీరంటే భయం. మేం వెతికి తెచ్చినదాంట్లో మనకి వ్యతిరేకంగా ఉన్నది కూడా ఉంటే ఇదెందుకు తెచ్చావు అనకండి, అది తేవడానికే మాకు ఎక్కువ టైమ్ పట్టింది. వారానికి ఒక్క సాయంత్రం, శుక్రవారం, కోర్టు అయ్యాక, ఒక్క తీర్పు, హెడ్‌నోట్ చింపేసి, మొత్తం చదువుదాం. ఎవరి ఛాంబర్ అయినా సరే, కుర్చీలు లేకపోతే బండిల్స్ మీద కూర్చుంటాం. ఎనిమిదింటి లోకల్ పోతే తొమ్మిది తర్వాత ఇంకోటి ఉంటుంది, ఇంట్లో చెప్పుకుంటా.

ఆ మేస్త్రీ కేసు ఇంకా తేలలేదు. పిటిషన్ ఒప్పుకుని రూల్ 28 కింద మళ్ళీ అదే ట్రిబ్యునల్‌కి, స్మాల్ కాజెస్ కోర్టుకి పంపారు, ఆమెని మళ్ళీ బోనెక్కించారు, అవతలి లాయర్ ఆ డైరీలో పెన్సిల్ రాత ఎందుకుంది పెన్ను ఎందుకు లేదు అని అరగంట అడిగాడు. ఆమె ఏమందంటే, సైట్లో పెన్ను సిమెంటుకి మూసుకుపోతుందయ్యా అంది. అది డిపోజిషన్‌లో (సాక్షి వాంగ్మూలంలో) తమిళంలో ఎక్కింది. మొదటి శుక్రవారానికి మీరెవరైనా సరే అంటే, ఆ డిపోజిషనూ ఇబ్రహీం ఉద్దీన్ తీర్పూ రెండూ జెరాక్స్ తీసి పది కాపీలు తెస్తా.

ఇట్లు,
సూళ్ళూరుపేట లోకల్‌లో వచ్చే జూనియర్